యుద్ధంలో మరణించిన పైలట్ ఉత్తరాలు, ఫోటోలు: గోదావరి డెల్టా ఇళ్లలో వాటిని కాపాడుకోవడం ఎలా?

1965లోనో, 1971లోనో యుద్ధానికి వెళ్లి తిరిగి రాని పైలట్ ఫోటో ఆ ఇంటి హాల్లో దండతో, బొట్టుతో ఉంటుంది. ఆయన రాసిన ఉత్తరాలు, దిగిన మిగతా ఫోటోలు మాత్రం అటక మీదో, మంచం కిందో ఓ నల్ల ట్రంకు పెట్టెలో ఉంటాయి. పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో ర్యాంకు, పేరు, సర్వీసు నంబరు. ఈ వ్యాసం ఆ పెట్టె గురించే. మన డెల్టాలో దానికి చెమ్మ, చెదలు, వరద, తుఫాను అన్నీ శత్రువులే. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం అన్నదమ్ముల పంపకాలు.

అందుకే మొదట ఒక మాట. ఈ కాగితాలు ఒకచోట, ఉన్న వరసలో ఉంటేనే వాటికి అర్థం. ఉత్తరంలో "కూడా ఫోటో పంపుతున్నాను, ఎడమ పక్క ఉన్నది నా రూమ్మేట్" అని రాసి ఉంటుంది. ఆ ఫోటో విజయవాడలో ఒకరింట్లో, ఉత్తరం అమలాపురంలో ఇంకొకరింట్లో ఉంటే, ఆ రూమ్మేట్ ఎవరో ఇక ఎవరికీ తెలియదు. పంచుకోవాలనుకుంటే కాపీలు పంచుకోండి. అసలు కట్ట మాత్రం విడదీయకండి.

మొదటి పని: పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి

స్కానర్ కొనడం, కవర్లు తెప్పించడం తర్వాత చూసుకోవచ్చు. 1971లో ఇరవై రెండేళ్ల వయసున్న భార్యకి, చెల్లెలికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది. ఫోటోలో ముఖాలను గుర్తుపట్టగలిగే మనిషి ఆగుతారని మాత్రం అనుకోవద్దు.

పొద్దున్న టిఫిన్ అయ్యాక, వెలుతురున్న చోట కూర్చోబెట్టండి. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఆ సంగతి వాళ్లకి చెప్పండి. ఒక్కో ఫోటో చేతికిచ్చి "అమ్మమ్మా, ఈ పక్కన నిలబడిందెవరు?" అని అడిగి, ఊరుకోండి. మధ్యలో పేర్లు అందించొద్దు.

"ఆయ్, అతనా! మీ తాతయ్యతో జోధ్‌పూర్‌లో ట్రైనింగ్ అయినతను. మనింటికి ఓసారొచ్చాడు. పులస పులుసు పెట్టాం. ముళ్లు తీసుకోవడం తెలీక పాపం చాలాసేపు అలా కూర్చుండిపోయాడు."

ఈ జవాబులో ఎంత సమాచారం ఉందో చూడండి. జోధ్‌పూర్ అంటే అక్కడి ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ కాలేజీ, శిక్షణ రోజులు. పులస అంటే గోదావరికి ఎర్రనీరు వచ్చే కాలం, అంటే శ్రావణ భాద్రపదాలు. వాళ్లిద్దరూ సెలవు మీద వచ్చింది ఏ నెలల్లోనో తెలిసిపోయింది. మీరు తేదీ అడిగి ఉంటే "గుర్తులేదు నాన్నా" అనేవారు. తిండి, పండగ, పెళ్లి, వరద గురించి అడిగితే తేదీలు వాటంతట అవే బయటికొస్తాయి.

ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంటే ఆ రోజుకి ఆపేయండి. భార్యకి రాసిన ఉత్తరాలు మీరు చదవచ్చా లేదా అన్నది కూడా ఇప్పుడే అడగాలి. ఆవిడ వద్దంటే ఆ కట్టని వేరే కవర్లో పెట్టి, పైన ఆ మాటే రాసి, తెరవకుండా దాచండి. చరిత్ర పేరు చెప్పి బలవంతం చేసే హక్కు మనకి లేదు.

పెట్టె తెరవడం

పొడిగా ఉన్న రోజు చూసుకోండి. మబ్బు పట్టిన ఆషాఢంలో వద్దు. మంచం మీద ఉతికిన తెల్లని నూలు దుప్పటి పరిచి, ఫ్యాన్ ఆపేయండి. కాఫీ గ్లాసు, మంచినీళ్ల చెంబు ఆ గదిలో ఉండకూడదు. ఉత్తరాలకి సబ్బుతో కడిగి బాగా తుడుచుకున్న చేతులు చాలు. ఫోటోలకీ నెగటివ్‌లకీ మాత్రం మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. వేలిముద్రల జిడ్డు ఫోటో మీద కొన్నేళ్ల తర్వాత మచ్చగా తేలుతుంది.

మూత తీయగానే దేన్నీ కదపకుండా ఫోటో తీయండి. ఒక్కో పొర తీసేకొద్దీ మళ్లీ ఫోటో తీయండి. ఏ కట్ట ఏ తాడుతో కట్టి ఉంది, ఏ ఫోటో ఏ కవర్లో ఉంది, అన్నీ నోటుబుక్కులో రాయండి. భార్యో, తల్లో ఆ వరసలో పెట్టారంటే దానికి ఏదో కారణం ఉంటుంది.

ముందుగా వెతకాల్సింది సామాన్ల జాబితా. సర్వీసులో ఉండగా మరణించిన వారి సొంత వస్తువుల కోసం 1950 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం 'కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్' కూర్చుని, వాటిని లెక్క రాసి కుటుంబానికి పంపుతుంది. ఆ టైపు కాగితం పెట్టెలో ఉంటే, వచ్చినవేమిటో, ఇప్పుడు ఉన్నవేమిటో పోల్చుకోవచ్చు.

ఫ్లయింగ్ లాగ్‌బుక్ ఉంటే అది ఈ పెట్టెకే తాళంచెవి. ప్రతి ఫ్లయిట్‌కీ తేదీ, విమానం రకం, దాని నంబరు, పని, ఎగిరిన గంటలు అందులో ఉంటాయి. నెలాఖరున పై అధికారి సంతకం ఉంటుంది. ఉత్తరాల్లో ఆయన చెప్పనివన్నీ ఇక్కడ దొరుకుతాయి. ఖాళీ పేజీలతో సహా అట్ట నుంచి అట్ట దాకా ఫోటో తీయండి.

కబురు తెచ్చిన టెలిగ్రామ్, ఆ తర్వాత స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసర్ సొంత చేత్తో రాసిన సంతాప ఉత్తరం, తోటి పైలట్ల భార్యలు రాసినవి కూడా ఈ కట్టలో భాగమే. పనికిరానివని పక్కన పడేయకండి. ఆయన చివరి రోజు గురించి ఎక్కువ వివరం కమాండింగ్ ఆఫీసర్ ఉత్తరంలోనే దొరకవచ్చు.

ఇక కొన్ని ఇళ్లలో ఉండే కష్టమైన వస్తువు ఒకటుంది. ఇంటి నుంచి ఆయనకి రాసి, ఆయన చేతికి అందక తిరిగొచ్చిన ఉత్తరం. ఇప్పటికీ అంటించినది అంటించినట్టే ఉంటుంది. దాన్ని మీ అంతట మీరు తెరవకండి. రాసినవారు బతికి ఉంటే నిర్ణయం వాళ్లది. లేకపోతే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోవాలి. తెరవాలనే అనుకుంటే ఆవిరి పట్టొద్దు, సిరా పాకుతుంది. పై అంచు వెంట పల్చటి కత్తితో కోయండి. నా మటుకు నాకైతే అలాగే ఉంచడమే సబబు అనిపిస్తుంది. ముందూ వెనకా స్కాన్ చేస్తే పోస్టల్ ముద్రలతో దాని కథ అదే చెబుతుంది.

శుభ్రం చేయడం, మడతలు విప్పడం

తడి గుడ్డ, టిష్యూ, నీళ్లు, స్పిరిట్ ఏవీ వద్దు. ఆ రోజుల్లో ఫౌంటెన్ పెన్ను నీలి సిరా చుక్క నీళ్లకే కరిగిపోతుంది. మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి దుమ్ము దులపండి. బూజు పట్టి ఉంటే మాస్కు పెట్టుకుని వరండాలో దులపండి. ఇంట్లో దులిపితే మిగతా కాగితాలకీ పాకుతుంది.

ఇన్‌లాండ్ లెటర్ దాదాపు ఎప్పుడూ మడతల దగ్గరే చిరుగుతుంది. పూర్తిగా విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచి రెండు రోజులు వదిలేయండి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయొద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు, పిన్నులు నెమ్మదిగా తీసేయండి. చిరిగినచోట సెలోటేపు అంటించకండి, పదేళ్లలో అది పసుపు జిగురై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. వేడికి కాగితం ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది, మళ్లీ విడదీయడం సాధ్యం కాదు. మన ఊళ్లల్లో "గట్టిగా ఉంటుందండీ" అని జెరాక్స్ షాపువాళ్లు మంచి మనసుతోనే లామినేషన్ చేసిస్తారు. గట్టిగా వద్దని చెప్పాల్సింది మనమే.

గోడ మీది ఫోటో

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అన్నిటికంటే దెబ్బతినేది ఇదే. అద్దానికీ ఫోటోకీ మధ్య ఖాళీ లేకపోతే, వర్షాకాలం చెమ్మకి ఫోటో పైపొర అద్దానికి అతుక్కుంటుంది. వెనక అట్టలో చెదలు దూరతాయి. ముందు వైపు దీపం పొగ, సీరియల్ బల్బుల వేడి.

ఫ్రేమ్ దించి, బోర్లా పెట్టి, మేకులు తీసి అట్ట ఎత్తి చూడండి. ఫోటో ఒక మూల తేలిగ్గా కదిలితే బయటికి తీయొచ్చు. అతుక్కుని ఉంటే లాగకండి. అద్దంతో సహా అలాగే, పక్క నుంచి పడే వెలుతురులో, కెమెరాతో తీయించండి. బొట్టు అద్దం మీద ఉంటే సరే. ఫోటో మీదే పెట్టి ఉంటే గోకొద్దు, రుద్దొద్దు.

ఆ కెమెరా చిత్రం నుంచి మంచి ప్రింటు వేయించి, పక్కన అట్ట అంచు పెట్టి అద్దానికి తగలకుండా ఫ్రేమ్ కట్టించండి. గోడకి ప్రింటు, పెట్టెలోకి అసలు. అయితే ఇన్నేళ్లు పూజించిన ఫోటోని దించుతామంటే పెద్దవాళ్లకి మనసొప్పదు. తద్దినం రోజున కొత్త ఫ్రేమ్‌ని కూడా పక్కన పెట్టి దండ వేసి, తర్వాత మార్చితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఫ్రేమ్ ఒక్కటి బాగు చేయించి, అసలునే తగిలించండి.

జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ షీటు ఉండేవి, ఫోటోలకి విషం. ముందు పేజీని పేజీలాగే స్కాన్ చేసి, ఆ తర్వాత ఫోటోకీ పేజీకీ మధ్య పళ్లు తోముకునే ఫ్లాస్ దారాన్ని రంపంలా ఆడిస్తూ విడదీయొచ్చు. మొండికేస్తే వదిలేయండి. నల్ల కాగితం ఆల్బమ్‌లయితే అలాగే ఉంచడం మేలు. నెగటివ్‌లు వెనిగర్ వాసన కొడుతుంటే అవి కుళ్లడం మొదలైనట్టే. వేరే కవర్లో పెట్టి, అన్నిటికంటే ముందు వాటినే స్కాన్ చేయించండి.

స్కానింగ్

ఫోటోలకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఉత్తరాలకి 300 నుంచి 400, నెగటివ్‌లకి 2400 లేదా పైన. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్ మోడ్‌లోనే తీయండి. ప్రతిదానికీ వెనక వైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేర్లు ఉండేది అక్కడే. అసలు కాపీ టిఫ్ ఫార్మాట్‌లో దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటో స్టూడియోకి ఇవ్వాల్సి వస్తే మీరు పక్కనే కూర్చుని చేయించండి, రాత్రికి వదిలి రావద్దు.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత ఎవరు ఎవరికి అన్నది ఉంటే వరస దానంతట అదే కుదురుతుంది. మూడు కాపీలు చేయండి. ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి డెల్టా బయట ఉన్న బంధువుల ఇంట్లో. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్లకి ఈ మూడోది ఎందుకో చెప్పక్కర్లేదు.

తేదీ లేని ఉత్తరం, పేరు లేని ఫోటో

యుద్ధకాలపు ఉత్తరం మీద ఊరి పేరు ఉండకపోవచ్చు. '56 ఏపీఓ' అని ఉంటే అది సైన్యం పోస్టాఫీసు అడ్రసు. ఆయన ఎక్కడున్నదీ బయటపడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరున్న ముద్రా, వెనక మన ఊరి పోస్టాఫీసు ముద్రా రెండూ కలిపి చూడండి. టెలిగ్రామ్ వచ్చిన తర్వాత చేరిన ఉత్తరాలు ఈ వెనక ముద్ర వల్లే తెలుస్తాయి.

ముద్ర చెరిగిపోయినా ఆధారాలు ఉంటాయి. ఇన్‌లాండ్ లెటర్ మొదలైంది 1950 అక్టోబరు 2న. స్టాంపు మీద 'నయా పైసా' ఉంటే అది 1957 తర్వాతది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి అడ్రసులో పిన్ ఉంటే 1971 యుద్ధానికి ముందుది కాదు. 'రెఫ్యూజీ రిలీఫ్' అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించి ఉంటే అది 1971 నవంబరు 15 తర్వాతది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం వేసిన పన్ను అది.

ఉత్తరం లోపల మన డెల్టాయే క్యాలెండరు. సార్వా అంటే వానాకాలం వరి, దాళ్వా అంటే ఆ తర్వాతి రెండో పంట. "సార్వా కోతలు అయ్యాయా?" అంటే నవంబరు, డిసెంబరు. "దాళ్వాకి నీళ్లిస్తున్నారా?" అంటే ఆ తర్వాత. "కాలవలు కట్టేశారా?" అంటే కాలవలకి నీళ్లు ఆపేసే వేసవి. 1971 యుద్ధం మొదలైంది డిసెంబరు 3న, అంటే ఇక్కడ కళ్లాల్లో కుప్పలు ఉన్న రోజుల్లో. 1965 సెప్టెంబరు యుద్ధం గోదావరి వరదల కాలంలో. తేదీ లేని చివరి ఉత్తరాల్లో ఈ ప్రశ్నలు వెతకండి.

ఫోటోలో అయితే ఆయన కంటే ముందు వెనక ఉన్న విమానాన్ని చూడండి. హంటర్, కాన్‌బెరా 1957లో వచ్చాయి. మిగ్-21 1963లో, హెచ్‌ఎఫ్-24 మారుత్ 1967లో, సుఖోయ్-7 1968లో. సుఖోయ్ పక్కన నిలబడ్డారంటే ఆ ఫోటో 1968కి ముందుది అయ్యే వీల్లేదు. ఎడమ రొమ్ము మీద రెక్కల బ్యాడ్జి లేకపోతే ఇంకా శిక్షణలో ఉన్నారన్నమాట. భుజం మీద ఒక సన్న గీత పైలట్ ఆఫీసర్, కాస్త వెడల్పుది ఒకటి ఫ్లయింగ్ ఆఫీసర్, రెండు ఫ్లయిట్ లెఫ్టినెంట్, రెంటి మధ్య సన్నది ఇంకోటి ఉంటే స్క్వాడ్రన్ లీడర్. దుండిగల్ అకాడమీలో శిక్షణ 1971లో మొదలైంది. అంతకుముందు కోర్సు ఫోటోలయితే జోధ్‌పూర్, బేగంపేట, హకీంపేటల వైపు చూడండి.

తెలిసింది ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందు వైపుకి తేలుతుంది. ఊహించిందైతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

రికార్డులతో సరిచూసుకోవడం

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవారి పేర్లు అక్కడి త్యాగ చక్రంలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకాలి. పతకం వచ్చి ఉంటే ప్రశంస పాఠం గెజిట్‌లోనూ, రక్షణ శాఖ గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లోనూ దొరుకుతుంది. 'మిస్సింగ్' అని మాత్రమే కబురొచ్చిన కుటుంబాలు తర్వాత వచ్చిన ప్రతి అధికారిక కాగితాన్నీ విడిగా, తేదీల వరసలో ఉంచుకోవాలి.

పేరు దొరకలేదని వెంటనే నిరాశపడకండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. రికార్డుల్లో రాజునో, రావునో, మూర్తినో ఇంటిపేరుగా పట్టేసి ఉంటారు. స్పెల్లింగులు మార్చి, అటూ ఇటూ తిప్పి వెతకండి. సర్వీసు నంబరుతో వెతికితే ఈ గొడవ ఉండదు, ట్రంకు మూత మీదే ఉంటుందిగా. కాకినాడ, ఏలూరుల్లోని సైనిక సంక్షేమ కార్యాలయాలు ఏ దరఖాస్తు ఎవరికి పంపాలో చెబుతాయి.

దాచడం

ఆమ్లరహిత కాగితం కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫోటోలకి పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు, పీవీసీ వద్దు. అన్నిటినీ అట్టపెట్టెలో సర్ది, స్టీలు బీరువా మధ్య అరలో పెట్టండి. అటక మీద వేడి, నేల మీద వరద. బయటి గోడకి ఆనించిన బీరువా వద్దు. కలరా ఉండలు, కర్పూరం వేయకండి, వాటి ఆవిరి ఫోటోలకీ ప్లాస్టిక్‌కీ మంచిది కాదు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడల్లా మార్చండి. ఖాళీ ట్రంకుని కూడా పారేయొద్దు. తుడిచి, మూత మీది అక్షరాలకి మళ్లీ పెయింటు వేయకుండా ఉంచండి.

తడిసిపోతే

నలభై ఎనిమిది గంటల్లో బూజు మొదలవుతుంది. అతుక్కున్న కాగితాలని విడదీయబోకండి. ఎండలో ఆరేయకండి. బురద పట్టిన ఫోటోలని చల్లని శుభ్రమైన నీళ్లలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేట్టు నూలు గుడ్డ మీద నీడలో ఆరనివ్వండి. సిరా ఉత్తరాలని మాత్రం కడగొద్దు. తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఉండండి. అన్నీ ఒకేసారి చేయలేకపోతే ప్లాస్టిక్ కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్లో పెడితే వారాలు ఆగుతాయి. తుఫాను తర్వాత కరెంటు ఉండదు కాబట్టి, కరెంటున్న ఊళ్లో ఎవరి ఫ్రీజర్ వాడుకోవాలో ముందే అనుకుని పెట్టుకోండి.

బయటికి ఇచ్చేటప్పుడు

స్కూలు వాళ్లో, పత్రిక వాళ్లో అడిగితే ప్రింటు ఇవ్వండి, అసలు ఇవ్వకండి. ఢిల్లీ పాలంలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికీ, ఆయన స్క్వాడ్రన్‌కీ డిజిటల్ కాపీ ఇస్తామని రాయొచ్చు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయాన్నీ అడిగి చూడండి. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల కాపీరైటు రాసినవారి వారసులది. కాబట్టి అచ్చు వేయడానికి వారసులందరి సంతకాలతో ఒక పేజీ రాయించుకోండి. ఏ ఉత్తరాలు ఇస్తున్నారు, ఏవి ఇవ్వడం లేదు, భార్య పేరు వాడొచ్చా, ప్రింటు ఎప్పటికి తిరిగి ఇవ్వాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ పేజీ కాపీ ఒకటి పెట్టెలో, సామాన్ల జాబితా పక్కన పెట్టండి.